వేయి యంత్రములకు ఒక పుస్తకము

పదవ తరగతి పరీక్షల ఫలితములు వెలువడిన దినమున లక్షలమంది విద్యార్థులు కొద్ది గంటలలోనే తమ సంఖ్యలను టైపుచేసి మార్కులు చూచుకొందురు. వారందరికి జవాబు చెప్పునది సాధారణముగా ఒక్క కంప్యూటరు కాదు. ఒకే తీరున పనిచేయు అనేక కంప్యూటరులు వచ్చిన ప్రశ్నలను తమలో పంచుకొని జవాబులు పంపుచుండును. ఇట్లు ఇతరుల కోరికను అందుకొని జవాబు పంపు కంప్యూటరును సర్వరు అందురు. బ్యాంకు ఖాతాలు, రైలు టిక్కెట్లు, కరెంటు బిల్లులు, ఆసుపత్రుల రికార్డులు నేడు సర్వరుల మీదనే నడుచుచున్నవి.

ఒకే పనిని పంచుకొను సర్వరులు ఒకే తీరుగ ఉండవలెను. కాని అవి అన్ని విషయములలోను ఒకటే అయినచో పని సాగదు. ప్రతి యంత్రమునకు తన పేరు, నెట్‌వర్కులో తన చిరునామా వేరుగా ఉండవలెను. ఒకదానిలో మెమరీ ఎక్కువ, వేరొకదానిలో తక్కువ. ఒకటి హైదరాబాదులో, మరియొకటి ముంబయిలో ఉండవచ్చును. కొన్ని ప్రజల కొరకు, కొన్ని ప్రయోగముల కొరకు. ఈ విషయములను యంత్రమునకు తెలుపు చిన్న చిన్న నిర్దేశములకు సెట్టింగులు లేక అమరికలు అని పేరు. ఒక్కొక్క సర్వరులో ఇట్టివి వందలకొలది ఉండును. వానిలో అధికభాగము అన్ని యంత్రములకు సమానము. కొన్ని ఒక గుంపునకు మాత్రమే చెందినవి. బహు కొద్ది అమరికలు ఒక్క యంత్రమునకే చెందినవి.

ఈ మూడు విధములైన అమరికలను ఎక్కడ వ్రాయవలెను? ఎవరు వ్రాయవలెను? రెండు వ్రాతలు విరుద్ధమైనచో దేనిని పాటింపవలెను? చూచుటకు ఇవి గుమాస్తా పనికి సంబంధించిన ప్రశ్నలవలె తోచును. కాని వీనికి జవాబు వెదకుటలో ఏబది సంవత్సరములు గడచినవి. జవాబు తప్పిన ఒక ఉదయమున ఒక పెద్ద వ్యాపారసంస్థ కూలుటకు సిద్ధమైనది.

ఒకే పట్టిక, ఒకే హస్తము

అమెరికా రక్షణశాఖ ధనసహాయముతో 1969లో ఆర్పానెట్ అను నెట్‌వర్కు ప్రారంభమైనది. దానిలో చేరిన ప్రతి కంప్యూటరునకు ఒక పేరు, ఒక సంఖ్యారూపమైన చిరునామా ఉండెడివి. ఏ పేరునకు ఏ చిరునామాయో తెలుపు పట్టికను కాలిఫోర్నియాలోని మెన్లోపార్కు నగరమున స్టాన్‌ఫర్డు పరిశోధనాసంస్థకు చెందిన నెట్‌వర్కు సమాచార కేంద్రము నిర్వహించెను. ఎలిజబెత్ ఫైన్లర్ ఈ కేంద్రమునకు చాలకాలము అధిపతిగా ఉండెను. క్రొత్త కంప్యూటరును చేర్చదలచినవారు కేంద్రమునకు తెలుపుదురు. కేంద్రము పట్టికను సవరించును. తక్కిన కంప్యూటరులు ఆ పట్టికకు నకలు తీసికొనును.

యంత్రములు కొద్దిగా ఉన్నంతవరకు ఈ పద్ధతి చక్కగా సాగినది. యంత్రములు పెరిగినకొలది రెండు చిక్కులు కలిగినవి. అందరి వ్రాతలు ఒకే చోటికి రావలసియుండుటచే కేంద్రముపై భారము హెచ్చినది. మరియు కేంద్రము పట్టికను సవరించుటకు, దూరమున ఉన్న యంత్రము క్రొత్త నకలు తీసికొనుటకు నడుమ కొంత కాలము గడచెడిది. ఆ నడిమి కాలమున ఒకే ప్రశ్నకు రెండు యంత్రములు రెండు జవాబులు చెప్పెడివి. 1983లో పాల్ మొకపెట్రిస్ ఈ పట్టికను శాఖలుగా విభజించి, ఏ శాఖకు చెందిన పేర్లను ఆ శాఖవారే వ్రాసికొను ఏర్పాటును రూపొందించెను. అదియే నేటికిని ఇంటర్నెట్టులో పేర్లను చిరునామాలుగా మార్చు డొమైన్ నేమ్ సిస్టమ్. వ్రాత అందరికి కనబడునట్లు ఒకే వ్యవస్థలో ఉండవలెను, వ్రాయు అధికారము మాత్రము తెలిసినవారి మధ్య పంచబడవలెను అను పాఠము ఈ అనుభవమునుండి లభించినది.

యంత్రములోపలి వ్రాత

పేరు, చిరునామాలు తప్ప తక్కిన అమరికలన్నియు ఇంకను యంత్రములోపలనే ఉండెను. బెల్ ప్రయోగశాలలలో 1969లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీలు ప్రారంభించిన యూనిక్స్ వ్యవస్థలో అమరికలు చాలవరకు ఒకే డైరెక్టరీలో సాదా అక్షరములతో వ్రాసిన ఫైళ్లుగా ఉండెడివి. తెరచి చదివిన ఎవరికైనను అర్థమగుట వీని సుగుణము. నిర్వాహకుడు ఫైలు తెరచి, ఒక పంక్తి దిద్ది, మూసివేసిన చాలును.

ఒక విభాగమున రెండు మూడు యంత్రములు ఉన్నప్పుడు ఇది సులభము. 1980 తరువాత విశ్వవిద్యాలయములలో చవకయైన వర్క్‌స్టేషనులు పదులకొలది చేరినవి. 1985లో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ వినియోగదారుల పేర్లు మొదలగు ఉమ్మడి పట్టికలను ఒక సర్వరులో ఉంచి తక్కినవానికి అందించు ఏర్పాటును తెచ్చినది. దానికి మొదట యెల్లో పేజెస్ అని పేరు. ఆ పేరు బ్రిటిష్ టెలికాం సంస్థ వ్యాపార చిహ్నమగుటచే తరువాత మార్చబడినది. 1986లో వెలువడిన 4.3 బి.ఎస్.డి. యూనిక్సులో ఆర్‌డిస్ట్ అను సాధనము వచ్చినది. అది ఒక మూలయంత్రమునందలి ఫైళ్లను తక్కిన యంత్రములతో పోల్చి, భేదించినవానిని తిరిగి నకలు చేయును.

ఈ సాధనములు సమానమైన అమరికలను పంచుటకు చాలినవి. భేదములు ఎక్కడ వ్రాయవలెనను ప్రశ్న మిగిలిపోయినది. నలుబది యంత్రములున్న ఒక విభాగమును ఊహింపుడు. ఒక రాత్రి పదునేడవ యంత్రము మొరాయించినది. నిర్వాహకుడు దాని ఫైలులో ఒక సంఖ్యను మార్చి పని నడిపించెను. మరునాడు ఆ సంగతి మరచెను. ఏడాది గడచిన పిదప ఆ యంత్రపు డిస్కు చెడినది. క్రొత్త డిస్కు వేసి, మూలయంత్రమునుండి ఫైళ్లు నకలు చేసిరి. పాత మొరాయింపు తిరిగి వచ్చినది. కారణము తెలిసిన ఒకే ఒక వ్రాత చెడిన డిస్కుతోపాటు పోయినది. ఇట్టి చిన్న సవరణలు చేరి చేరి, ఒకే తీరున మొదలైన యంత్రములు క్రమముగా వేరు వేరు దారులు పట్టును. దీనిని డ్రిఫ్ట్ అందురు. పడవ నీటివాలునకు కొట్టుకొనిపోవుట వంటిది.

ఓస్లో, ఎడింబరో

1993, 1994 సంవత్సరములలో ఐరోపాలోని రెండు విశ్వవిద్యాలయములనుండి ఈ సమస్యకు రెండు జవాబులు వచ్చినవి.

నార్వేలోని ఓస్లో విశ్వవిద్యాలయమున మార్క్ బర్జెస్ సైద్ధాంతిక భౌతికశాస్త్రమున పరిశోధన చేయుచుండెను. పలు రకముల యూనిక్స్ యంత్రములను సంబాళించుటకు అతడు 1993లో సీఎఫ్‌ఇంజిన్ అను ప్రోగ్రామును వ్రాసెను. అంతకుపూర్వము నిర్వాహకులు "ఫైలు చివర ఈ పంక్తి చేర్చుము" అని ఆజ్ఞలు వ్రాసెడివారు. ఆ ఆజ్ఞను రెండుమార్లు నడిపినచో పంక్తి రెండుమార్లు చేరును. బర్జెస్ పద్ధతిలో "ఫైలులో ఈ పంక్తి ఉండవలెను" అని గమ్యస్థితి వ్రాయబడును. పంక్తి లేనిచో ప్రోగ్రాము చేర్చును, ఉన్నచో ఏమియు చేయదు. ఎన్నిమార్లు నడిపినను యంత్రము ఆ స్థితికే చేరును. డ్రిఫ్టునకు ఇది తగిన మందు.

భేదముల విషయమున బర్జెస్ వర్గము అను భావమును ఉపయోగించెను. ప్రోగ్రాము మొదలు కాగానే ఆ యంత్రము తనను తాను పరిశీలించుకొని, తన పేరేమి, తన ఆపరేటింగ్ సిస్టమ్ ఏది, నేడు ఏ వారము అను విషయములను తెలిసికొనును. ఒక్కొక్క విషయము ఒక్కొక్క వర్గము. నియమముల గ్రంథము అందరికి ఒకటే. ప్రతి నియమమునకు ముందు అది ఏ వర్గమునకు వర్తించునో వ్రాసియుండును. యంత్రము తనకు వర్తించువానిని పాటించి తక్కినవానిని విడిచిపెట్టును.

స్కాట్లండులోని ఎడింబరో విశ్వవిద్యాలయమున పాల్ ఆండర్సన్ మరియొక వైపునుండి వచ్చెను. ఎల్.సి.ఎఫ్.జి. అను అతని వ్యవస్థ 1994లో ఒక పరిశోధనా పత్రములో వివరింపబడినది. దానిలో ప్రతి యంత్రమునకు, యంత్రము వెలుపల, ఒక పుట ఉండును. ఆ పుటలో వ్రాయవలసినది చాల తక్కువ. "ఇది విద్యార్థుల ప్రయోగశాలలోని యంత్రము" అని ఒక ఉమ్మడి పుటను పేర్కొనిన చాలును, ఆ పుటలోని అమరికలన్నియు దానికి సంక్రమించును. యంత్రమునకు ప్రత్యేకమైనవి మాత్రము దాని స్వంత పుటలో వ్రాయబడును. యంత్రము చెడి క్రొత్తది వచ్చినను పుట చెడదు, ఆ పుటను చదివి క్రొత్త యంత్రమును పాతదానివలె అమర్చవచ్చును.

ఓస్లో పద్ధతిలో నియమము "నేను ఎవరికి వర్తింతును?" అని అడుగును. ఎడింబరో పద్ధతిలో యంత్రము "నాకు ఏవి వర్తించును?" అని అడుగును. తరువాతి కాలమున వచ్చిన సాధనములలో ఈ రెండు పోకడలు కలిసి కనబడును.

నియమము వేరు, విలువ వేరు

సీఎఫ్‌ఇంజినుతో పనిచేసిన ల్యూక్ కనీస్ 2005లో పప్పెట్ అను సాధనమును వెలువరించెను. తరువాత 2009లో ఆడమ్ జేకబ్ మొదలగువారి షెఫ్, 2011లో థామస్ హాచ్ రచించిన సాల్ట్, 2012లో మైకేల్ డిహాన్ రచించిన ఆన్సిబుల్ వచ్చినవి. సర్వరుల సంఖ్య వందలు దాటి వేలకు చేరిన కాలమది.

ఈ సాధనములతో వ్రాసిన తొలి గ్రంథములలో ఒక లోపము తరచుగా కనబడెను. నియమముల మధ్యలోనే "యంత్రము హైదరాబాదులోనిదైనచో ఇట్లు, ముంబయిలోనిదైనచో అట్లు, పదునేడవదైనచో మరియొక విధముగా" అని షరతులు పేరుకొనినవి. క్రొత్త యంత్రము చేరిన ప్రతిసారి నియమములనే దిద్దవలసివచ్చెను. ఒకరు బాగుగా వ్రాసిన నియమమును వేరొక సంస్థ వాడుకొనుటకు వీలులేకపోయెను, ఏలయనగా దాని నిండ మొదటి సంస్థ యంత్రముల పేర్లే ఉండెను.

దీనికి విరుగుడు నియమమును, విలువను వేరుచేయుట. "గడియారమును ఫలానా సర్వరుతో సరిచూచుకొనవలెను" అనునది నియమము. ఆ ఫలానా సర్వరు ఏది అనునది విలువ. విలువలను వేరొక పుస్తకమున వ్రాసి, నియమము తనకు కావలసినదానిని అక్కడ వెదకికొనును. పప్పెట్ కొరకు ఆర్. ఐ. పీనార్ రచించిన హైరా ఇట్టిది. 2012లో వచ్చిన మూడవ పప్పెట్ సంచికలో అది అంతర్భాగమైనది. ఆన్సిబుల్‌లో గుంపు విలువలకు ఒక డైరెక్టరీ, ఒక్కొక్క యంత్రపు విలువలకు వేరొక డైరెక్టరీ కలవు. సాల్ట్‌లో యంత్రము తన్ను గురించి తాను చెప్పు విషయములు ఒక చోట, కేంద్రము ఆ యంత్రమునకు కేటాయించు విలువలు మరియొక చోట ఉండును. కేంద్రము కేటాయించిన విలువలు సంబంధించిన యంత్రమునకే పంపబడును. కావున సంకేతపదముల వంటి రహస్యములను అక్కడ ఉంచుదురు.

సామాన్యము, విశేషము

తెలుగు వ్యాకరణము చదివిన విద్యార్థులకు ఈ ఏర్పాటు క్రొత్తగా తోచదు. వ్యాకరణమున ఒక సూత్రము విస్తారముగా విధించును. మరియొక సూత్రము కొన్ని పదములకు మాత్రమే దానిని త్రోసివేయును. అప్పుడు విశేషమును చెప్పిన సూత్రమే చెల్లును. సంస్కృత వైయాకరణులు మొదటిదానిని ఉత్సర్గమనియు, రెండవదానిని అపవాదమనియు పిలిచిరి. సర్వరుల పుస్తకమును వ్రాసినవారు వ్యాకరణము చూచి వ్రాయలేదు. అయినను పెద్ద సమూహమును కొద్ది సూత్రములతో వర్ణింపబూనిన వారందరు ఈ ఉపాయమునకే వచ్చుచున్నారు.

ఒక బ్యాంకునకు 200 సర్వరులు ఉన్నవనుకొనుడు. సామాన్యపుటలో గడియారపు సర్వరు "అ" అని ఉన్నది. హైదరాబాదు పుటలో "ఆ" అని ఉన్నది. పదునేడవ యంత్రపు పుటలో "ఇ" అని ఉన్నది. పదునేడవ యంత్రము హైదరాబాదులోనే ఉన్నచో దానికి విలువ "ఇ", హైదరాబాదులోని తక్కినవానికి "ఆ", మిగిలిన ఊళ్లలోనివానికి "అ". 200 పంక్తులకు బదులు మూడు పంక్తులు చాలినవి. అంతేకాక, పదునేడవ యంత్రము తక్కినవానికంటె భిన్నమను సంగతి పుటను చూచిన ప్రతివానికి తెలియును.

కాని మెట్లు పెరిగినకొలది స్పష్టత తగ్గును. ఆన్సిబుల్ వివరణగ్రంథము ఒక విలువ రాగల చోట్లను 22 మెట్లుగా వరుసపెట్టి చెప్పుచున్నది. షెఫ్ పద్ధతిలో 15 మెట్లు కలవు. ఇన్ని మెట్లను ఉపయోగించిన సంస్థలో ఒక విలువ ఎక్కడనుండి వచ్చెనో తెలిసికొనుటయే ఒక పరిశోధన యగును. అందుచే అనుభవజ్ఞులు మూడు నాలుగు మెట్లతోనే సరిపెట్టుకొందురు. అన్ని యంత్రములకు ఒకటి, స్థలమునకు ఒకటి, చేయు పనికి ఒకటి, యంత్రమునకు ఒకటి.

మరియొక సూక్ష్మము కలదు. విలువ ఒక సంఖ్య గాక ఒక జాబితా అయినప్పుడు, విశేషము సామాన్యమును తొలగించునా, లేక దానితో కలియునా? సామాన్యపుటలో సర్వరులోనికి ప్రవేశింపదగిన అయిదుగురి పేర్లు ఉన్నవి. యంత్రపు పుటలో ఆరవ పేరు ఒక్కటే వ్రాసిరి. తొలగించు పద్ధతిలో మొదటి అయిదుగురు బయటపడుదురు. కలుపు పద్ధతిలో ఆరుగురికి ప్రవేశము దొరకును. ఆరవవానికి మాత్రమే ప్రవేశము ఉండవలెనని తలచినవారికి ఈ రెండవది అపాయకరము. హైరా వంటి సాధనములలో ఈ రెంటిలో ఏది కావలెనో స్పష్టముగా కోరుటకు వీలు కలదు.

నలుబదియైదు నిమిషములు

యంత్రముల మధ్య గమనింపబడని ఒక్క భేదము ఎంత చేయగలదో 2012 ఆగస్టు 1వ తేదీన తెలిసినది. ఆ దినమున న్యూయార్కు స్టాక్ ఎక్స్ఛేంజి చిల్లర మదుపుదారుల కొరకు ఒక క్రొత్త వ్యాపార పద్ధతిని ప్రారంభించినది. దానిలో పాల్గొనుటకు నైట్ క్యాపిటల్ అను సంస్థ క్రొత్త ప్రోగ్రామును సిద్ధపరచి, వాటాల ఉత్తరువులను మార్కెట్టునకు చేరవేయు తన 8 సర్వరులలో జూలై 27 నుండి దఫదఫాలుగా ఉంచసాగెను. ఏడింటిలో ప్రోగ్రాము చేరినది. ఎనిమిదవదానిలో చేర్చుట ఒక ఉద్యోగి మరచెను. రెండవ ఉద్యోగి సరిచూడవలెనను వ్రాతపూర్వకమైన నియమము లేదు.

ఆ ఎనిమిదవ సర్వరులో 2003లోనే వాడుక మానిన ఒక పాత భాగము మిగిలియుండెను. క్రొత్త పద్ధతికి సంకేతముగా ఎన్నుకొన్న గుర్తు, పూర్వము ఆ పాత భాగమును మేల్కొల్పిన గుర్తే. మార్కెట్టు తెరవగానే ఏడు సర్వరులు సరిగా పనిచేసినవి. ఎనిమిదవది మాత్రము ఆగక ఉత్తరువులు పంపసాగెను. ఖాతాదారుల నుండి వచ్చినవి 212 చిన్న ఉత్తరువులు. సుమారు 45 నిమిషములలో వానికై 154 కంపెనీల వాటాలలో 40 లక్షలకు పైగా లావాదేవీలు, 39 కోట్ల 70 లక్షలకు మించిన వాటాలతో జరిగినవి. కారణము తెలియని ఉద్యోగులు క్రొత్త ప్రోగ్రామే తప్పని తలచి, దానిని సరిగా చేరిన ఏడు సర్వరులనుండి తొలగించిరి. అంతట ఆ ఏడును ఎనిమిదవదానివలె ప్రవర్తించినవి.

సంస్థకు కలిగిన నష్టము 46 కోట్ల డాలర్లకు మించినది. మార్కెట్టు తెరవకముందే పొరపాటును సూచించు 97 ఈమెయిళ్లు యంత్రములనుండి ఉద్యోగులకు చేరినను, అవి హెచ్చరికలుగా ఉద్దేశింపబడినవి కానందున ఎవరును వానిని పట్టించుకొనలేదు. అమెరికా సెక్యూరిటీస్ ఎక్స్ఛేంజి కమిషన్ 2013లో సంస్థపై 1 కోటి 20 లక్షల డాలర్ల జరిమానా విధించినది. ఆ సంవత్సరమే సంస్థ వేరొక సంస్థలో విలీనమైనది.

అక్కడ లోపించినది ఒక అమరిక కాదు, ఒక ప్రోగ్రాము. కాని లోపపు స్వభావము ఒకటే. "ఈ ఎనిమిది యంత్రములలో ఏమి ఉండవలెను?" అని వ్రాసి, ఉన్నదానితో దానిని యంత్రముచేతనే సరిచూపించు ఏర్పాటు అక్కడ జరుగలేదు. అట్టి సరిచూపు ఉండినచో ఎనిమిదవ సర్వరు మార్కెట్టు తెరవకముందే బయటపడియుండును.

నేటి స్థితి

2013లో డాకర్, 2014లో కుబర్నెటీస్ వచ్చిన పిదప పలు సంస్థలు సర్వరును దిద్దుట మాని, మార్పు కావలసినప్పుడెల్ల క్రొత్త ప్రతిని నిలిపి పాతదానిని తొలగించుచున్నవి. డ్రిఫ్టునకు వ్యవధి తగ్గినది. అయినను ప్రయోగస్థలమునకు ఒక విలువ, ప్రజలు వాడు స్థలమునకు వేరొక విలువ అవసరమే. అందుచే విలువల పుస్తకము పోలేదు. దానిని ప్రోగ్రాములవలెనే గిట్ వంటి సాధనమునందు భద్రపరచి, ఏ పంక్తిని ఎవరు, ఎప్పుడు, ఎందులకు మార్చిరో నమోదు చేయుచున్నారు. రహస్యములను మాత్రము గూఢలిపిలోనికి మార్చిగాని ఉంచరు.

కంప్యూటరు గది ఉన్న పాఠశాలలో ఉపాధ్యాయులు దీనిని తేలికగా చేయించవచ్చును. విద్యార్థులు ప్రతి కంప్యూటరు యొక్క పేరు, ప్రింటరు, భాష, కాలమండలము, వాడుకరి ఖాతాలను ఒక పట్టికగా వ్రాయవలెను. తరువాత అన్నిటికి సమానమైనవానిని ఒక పుటకు, ఒక వరుస బల్లలకు చెందినవానిని రెండవ పుటకు, ఒక్క యంత్రమునకే చెందినవానిని మూడవ పుటకు మార్చవలెను. మూడవ పుటలో మిగిలిన ప్రతి పంక్తికి ఎదురుగా దాని కారణమును వ్రాయవలెను. కారణము ఎవరికిని తెలియని పంక్తులు ఒకటి రెండైనను దొరకవచ్చును. వానిని మార్చుటకు ముందు ఆ గదిని చూచుకొను వారిని అడుగుట మంచిది.